మూడో పాదం దగ్గర మలుపు

బందరులో నాకు కీబోర్డు నేర్పే సారుకి నా మీద అనుమానం వచ్చిందని నేను అనుమానపడేసరికి నాలుగు నెలలు గడిచిపోయాయి.

మాది గుడివాడ. అక్కడ హైస్కూల్లో సోషల్ చెప్తాను. నలభై ఆరేళ్ళ వయసులో ఆదివారం పూట పొద్దున్నే పాసింజరు ఎక్కి బందరు వెళ్ళి, నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడి ముందు శిష్యురాలిగా కూర్చోవడం మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. నిజానికి దాని వెనక ఉన్నది సంగీతం మీద భక్తి కాదు, రోషం. మా స్కూల్లో చదువుకుని పైకొచ్చినతను ఎవరో బడికి ఒక కీబోర్డు ఇచ్చాడు. ప్రార్థనకి నేనే వాయించేదాన్ని. చిన్నప్పుడు మా పెదనాన్న హార్మోనియం పక్కన కూర్చుని పట్టుకున్న విద్య అది. ఏ పాటైనా రెండుసార్లు వింటే వేళ్ళు వాటంతటవే దారి వెతుక్కుంటాయి. కొత్తగా చేరిన ఇంగ్లిష్ టీచరు ఒకరోజు పక్కన నిలబడి విని, "మీకు నోట్స్ చదవడం వచ్చా మేడమ్?" అని అడిగింది.

"లేదమ్మా, విని వాయిస్తాను."

"ఓ" అంది.

అంతే. కానీ ఆ "ఓ" రెండు రోజులు నా చెవిలోనే ఉంది. మూడో రోజు బందరులో ఎవరు నేర్పుతారో కనుక్కున్నాను.

సారు మద్రాసులో చదువుకుని వచ్చినతను. మేడ మీద గది, రెండు కీబోర్డులు, గోడకి తెల్ల బోర్డు, దాని మీద శాశ్వతంగా గీసి ఉంచిన ఐదు గీతలు. చాలా మర్యాదస్తుడు. మొదటి రోజు నుంచీ ఆయనకి ఒక అలవాటు ఉండేది. కొత్త కాగితం స్టాండు మీద పెట్టి, "ముందు నేనొకసారి వాయిస్తాను మేడమ్, మీరు కాగితం చూస్తూ వినండి" అనేవారు. నేను వినేదాన్ని. తర్వాత నా వంతు వచ్చేది. ఆ ఐదు గీతల మీదున్న నల్ల చుక్కలు నాకు చుక్కల్లాగే కనపడేవి. కానీ ఆయన వాయించింది అప్పటికే నా వేళ్ళలోకి దిగిపోయి ఉండేది. కళ్ళు కాగితం మీద ఎడమ నుంచి కుడికి జరుపుతూ, చెవిలో ఉన్నది వాయించేసేదాన్ని. పేజీ తిప్పాల్సిన చోట తిప్పేదాన్ని. ఎక్కడ తిప్పాలో కూడా ఆయన తిప్పినప్పుడు గుర్తు పెట్టుకున్నదే.

మోసం చేద్దామని మొదలుపెట్టలేదు. మొదటి నెల, "ఇదిగో, మెల్లగా అదే వస్తుంది" అనుకున్నాను. రెండో నెలలో ఆయన, "మీ రీడింగ్ చాలా స్పీడుగా ఉందండీ, ఈ వయసులో ఇలా రావడం అరుదు" అన్నారు. ఆ మాట విన్నాక ఇక నిజం చెప్పడం కష్టమైంది.

ఒక ఆదివారం ఆయన వాయిస్తుండగా ఫోను మోగింది. చెయ్యి తడబడి ఒకే నోటు రెండుసార్లు పడింది. ఆయన ఆగకుండా సర్దుకుని ముగించారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ ఆ నోటు రెండుసార్లు వాయించాను. వాయించిన క్షణంలోనే తెలిసింది, కాగితం మీద అది ఒక్కసారే ఉండి ఉంటుందని.

"బాగుందండీ" అన్నారు సారు. కానీ ఆ మాటకి ముందు ఒక్క క్షణం ఆగారు. ఇరవై ఏళ్ళుగా పరీక్ష హాళ్ళలో తిరుగుతున్నదాన్ని, ఆ ఆగడం ఏమిటో నాకు తెలుసు. చీటీ ఎక్కడుందో కనిపెట్టి కూడా వెంటనే పట్టుకోకుండా, ఇంకో రౌండు తిరిగొద్దాంలే అనుకునే ఇన్విజిలేటరు ఆగేది అలాగే.

ఆ పై రెండు ఆదివారాలు ఆయన నా వేళ్ళు చూడడం మానేసి నా కళ్ళు చూడడం మొదలుపెట్టారు. నేను ఆయన చూడడాన్ని చూస్తున్నాను. ఇద్దరం మర్యాదగా నవ్వుకుంటున్నాం.

మూడో ఆదివారం సారు ఒక కాగితం తెచ్చి స్టాండు మీద పెట్టి, "ఇవాళ నేను వాయించనండీ. ఇది మీకు తెలిసిన పాటే, మీ బడిలో రోజూ పాడించే ప్రార్థన. నేనే రాశాను, చూసి వాయించండి" అన్నారు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ ప్రార్థన నేను నిద్రలో కూడా వాయించగలను. కళ్ళు కాగితం మీద పెట్టి, ఒక్క తప్పు లేకుండా చివరిదాకా వాయించాను. సారు పెన్సిలు తీసి, రెండో వరసలో ఒక చుక్క మీద పెట్టారు.

"ఇక్కడ ఏముందండీ?"

నేను చూశాను. చుక్క ఉంది.

"మీరు పైకి వెళ్ళారు. కాగితం కిందికి వెళ్ళమంటోంది. మూడు చోట్ల మార్చి రాశాను మేడమ్. మూడు చోట్లా మీరు పాటే వాయించారు, కాగితం వాయించలేదు."

"అనుమానం ఉంటే నన్నే అడగొచ్చు కదండీ" అన్నాను. గొంతులో కోపం నాకే వినపడింది.

"అడిగితే చెప్పేవారా?"

చెప్పేదాన్ని కాదు. పర్సు తీసుకుని లేచి వచ్చేశాను. పెడన దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

మూడు వారాలు వెళ్ళలేదు. ఆ మూడు వారాల్లో ఒకరోజు మా ఆరో తరగతిలో ఒక పిల్ల పాఠం గడగడా చదువుతోంది. పక్కకి వెళ్ళి చూస్తే పుస్తకంలో తెరిచి ఉన్నది వేరే పాఠం. పక్కవాళ్ళు చదవగా విని కంఠతా పట్టింది. మామూలుగా అయితే అందరి ముందూ నిలబెట్టేదాన్ని. ఆ రోజు ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుని, మొదటి పదం మీద వేలు పెట్టి, "ఇది ఏ అక్షరం?" అని మెల్లగా అడిగాను. అది ఏడ్చేసింది. ఇంటికొచ్చి సారుకి ఫోన్ చేశాను.

"వస్తానండీ. కానీ ఇకనుంచీ మీరు ముందు వాయించొద్దు."

"నేనూ అదే చెబుదామనుకున్నాను" అన్నారాయన.

తర్వాత ఏడాది అక్షరాభ్యాసమే. ఏ గీత మీద ఏ స్వరం, ఏ తోకకి ఎంత కాలం. చిన్నపిల్లల పాటలు తప్పులతో, నత్తలాగా వాయించేదాన్ని. వేళ్ళకి కోపం వచ్చేది. చెవి ముందుకు పరిగెత్తి, "తర్వాత ఇదే అయ్యుంటుంది" అని చెప్పేది. సగంసార్లు అదే అయ్యేది. అయినా నమ్మకూడదు. నా చెవిని నేనే అనుమానించడం అలా నేర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి కాగితం చదవడమే కాదు, విన్నది కాగితం మీద పెట్టడం కూడా వచ్చింది. సారు ఏదో వాయిస్తే, రాసి చూపించి ఆయన చేత తప్పులు దిద్దించుకునేదాన్ని. దిద్దడానికి ఏమీ లేని రోజు వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా పెదనాన్న.

పెదనాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. దివిసీమలో నాగాయలంకకి ఇవతల ఒక ఊళ్ళో కొడుకూ కోడలితో ఉంటారు. ముప్పై ఏళ్ళకి పైగా ఒకే ట్రూపు. అందులో రాజు వేషాలు కట్టే ఆయన బందరు ముస్లిం, పగలు దర్జీ పని చేసేవారు. ఆ ఇద్దరూ ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవారు, నాకు ఆయన మావయ్యగారు. మావయ్యగారు పద్యం ఎత్తితే పెదనాన్న హార్మోనియం నీడలాగా వెంట వెళ్ళేది. పెదనాన్నకి స్వరాల పేర్లు కూడా సరిగ్గా రావు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విని పట్టుకున్నదే అంతా.

ఆరేళ్ళ కిందట కృష్ణ ఒడ్డున మా జిల్లాలోనే ఉన్న శ్రీకాకుళంలో ఉత్సవాలకి నాటకం పెట్టారు. పెదనాన్నకి జ్వరం. ట్రూపు వాళ్ళు వేరే ఊరి నుంచి ఒక కుర్ర హార్మోనిస్టుని తెచ్చుకున్నారు. పెదనాన్న ఉండబట్టలేక, జ్వరంతోనే వెళ్ళి జనంలో కూర్చున్నారు. కూర్చుని, తన వేళ్ళు వేరేవాడి చేతికి ఉండడం విన్నారు. అదే దారి, అవే విరుపులు. ఎవరో చెప్పకపోతే వాడికి ఎలా తెలుస్తాయి? చెప్పగలిగినవాడు లోకంలో ఒక్కడే. నాటకం అవకుండానే లేచి వచ్చేశారు. ఆ తర్వాత ట్రూపుకి వెళ్ళలేదు, మావయ్యగారితో మాట్లాడలేదు, ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు.

నేను వెళ్ళేసరికి పెదనాన్న వరండాలో వాలుకుర్చీలో ఉన్నారు. సంగతి చెప్పాను. మీరు వాయించండి, నేను రాసుకుంటాను, ఎప్పటికీ ఉంటుంది అన్నాను.

"ఎవరు పంపారు నిన్ను?" అన్నారు.

"ఎవరు పంపుతారు పెదనాన్నా? నేనే వచ్చాను."

"రాసుకుని ఎవరికిస్తావ్?"

"ఎవరికీ ఇవ్వను."

"ఇవ్వనిదానికి రాయడం ఎందుకూ?"

నేను సంచీలోంచి కాగితాలు, పెన్సిలు తీసి పెట్టుకున్నాను. చివరికి పెదనాన్నే లేచి లోపలికి వెళ్ళి, పెట్టె తాళం తీసి, హార్మోనియం బయటికి తెచ్చారు. "ఫోను వదిన దగ్గర పెట్టిరా" అన్నారు. రికార్డు చేస్తానేమోనని ఆయన అనుమానం. పెట్టి వచ్చాను. యూట్యూబులో ఆ ట్రూపు నాటకాలు ఒకటి రెండు ఉన్నాయిగానీ, అందులో మైకు నటుడి నోటి దగ్గర ఉంటుంది. హార్మోనియం ఎక్కడో రోడ్డు మీద పోతున్న బండిలోంచి వస్తున్నట్టు వినపడుతుంది.

వాయించారు. తండ్రి కొడుకుని పోగొట్టుకున్నప్పటి పద్యం. నాలుగు పాదాలు. పాడేవాళ్ళు లేరు, హార్మోనియం ఒక్కటే. మూడో పాదం చివర ఒక మలుపు ఉంది. కిందికి దిగుతుందనుకున్న చోట, దిగినట్టే దిగి పక్కకి తప్పుకుని పైకి పోతుంది. నేను గబగబా రాశాను. రెండోసారి వాయించమంటే నా వైపు అనుమానంగా చూసి, వాయించారు. మూడోసారి అడిగితే పెట్టె మూసేశారు.

ఇంటికొచ్చి శుభ్రంగా తిరగరాసి, తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాను. అవనిగడ్డలో బస్సు మారి ఊరు చేరేసరికి పదకొండయింది. కాగితం ఎదురుగా పెట్టుకుని, ఆయన హార్మోనియం మీదే ఆయన పద్యం వాయించాను. మెచ్చుకుంటారని అనుకున్నాను.

"ఎవరిదే ఇది?" అన్నారు.

"మీదే."

"నాది కాదు. నేనెప్పుడూ ఇట్టా వాయించలా."

"పోయిన వారం వాయించారు కదా, ఇక్కడే కూర్చుని."

"పోయిన వారం నువ్వేం విన్నావో నాకెట్టా తెలుస్తుందీ?"

హార్మోనియం తనవైపు లాక్కుని వాయించారు. మొదటి రెండు పాదాలూ వేరేగా ఉన్నాయి. మూడో పాదం దగ్గర మలుపు ఉందిగానీ, దానికి ముందు ఇంకో రెండు మెట్లు అదనంగా తొక్కారు. నాకు రెండే దారులు కనపడ్డాయి. ఒకటి, నేను తప్పు రాశాను. రెండు, ఈయన కావాలనే వారానికో రకంగా వాయిస్తున్నారు, నా కాగితం ఎప్పటికీ నిజం కాకుండా ఉండడానికి. బందరులో సారు మార్చిన మూడు స్వరాలు గుర్తొచ్చాయి. ఒకసారి ఉచ్చులో పడ్డవాళ్ళకి అన్నీ ఉచ్చుల్లాగే కనపడతాయి.

"నన్ను పరీక్షిస్తున్నారా పెదనాన్నా?" అని అడిగేశాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "నిన్ను పరీక్షించడానికి నేనేమన్నా మేష్టార్నా?" అని, పెట్టెకి తాళం వేసి, అన్నానికి కూడా లేవలేదు. నేను తినకుండానే బస్సెక్కాను.

పులిగడ్డ అక్విడక్టు వంతెన దాటుతుంటే ఒక ఆలోచన వచ్చింది. ఈ కాగితం నిజమో కాదో చెప్పగలిగిన మనిషి ఒకరున్నారు. అయితే నేను వాయించి వినిపించకూడదు. నేను వాయిస్తే నా చెవిలో ఉన్నది వస్తుంది, కాగితం మీద ఉన్నది కాదు. ఆ పద్యం ఎప్పుడూ వినని మనిషి వాయించాలి.

ఆ ఆదివారం బందరులో క్లాసుకి ముందే మావయ్యగారి కొట్టుకి వెళ్ళాను. ఆయన ఇప్పుడు పెద్దగా కుట్టడం లేదు, కొడుకు చూసుకుంటున్నాడు. మెడలో టేపు మాత్రం ఉంది. నన్ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. పోల్చుకోగానే నవ్వు రాలేదు, కనుబొమలు ముడిపడ్డాయి.

"మీ పెదనాన్న పంపాడా?"

"లేదండీ మావయ్యగారూ. నేను ఇక్కడికి వచ్చినట్టే ఆయనకి తెలియదు."

"పంపకపోతే ఎందుకొచ్చావమ్మా మరి?"

"ఒక కాగితం వినాలి మీరు."

"కాగితం వినడమేంటి?" అన్నారు. అయినా చెప్పులు వేసుకున్నారు.

సారు గదికి మెట్లెక్కడానికి ఆయనకి ఐదు నిమిషాలు పట్టింది. సారుకి ముందే ఫోన్లో చెప్పి ఉంచాను, ఇది నేను రాసింది, ఏమిటో అడక్కుండా చూసి వాయించండి అని. మావయ్యగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కీబోర్డు వైపూ, సారు వైపూ, గోడ మీద ఐదు గీతల వైపూ వరసగా చూశారు. ఏదో ఆసుపత్రికి తీసుకొచ్చి చెప్పకుండా సూది వేయిస్తున్నామేమో అన్నట్టుంది ఆయన వాలకం.

సారు కాగితం చదివి చూసుకుని, "ఇక్కడ నిలువు గీత వేయలేదేంటండీ? ఎన్ని మాత్రలు ఆగాలో ఎలా తెలుస్తుంది?" అన్నారు.

"అక్కడ పాడేవాళ్ళు ఎంతసేపు ఆగుతారో వాళ్ళకే తెలియదండీ. ప్రస్తుతానికి నాలుగు అనుకోండి."

సారు మొదలుపెట్టారు. మొదటి పాదం. ఇస్త్రీ చేసినట్టు, ఎక్కడా వంపు లేకుండా. మావయ్యగారు గడ్డం గోక్కుంటున్నారు. రెండో పాదం. "ఏదో లాగుంది" అని గొణిగారు. తప్పు రాశాననే అనుకున్నాను. ఏడాది చదువు, ఆదివారాలు, అన్నీ ఈ ముసలాయన గోక్కుంటున్న గడ్డం ముందు తేలిపోతున్నాయి అనిపించింది.

మూడో పాదం చివరికి వచ్చింది. సారు వేళ్ళు కిందికి దిగబోయి, కాగితం చెప్పినట్టు పక్కకి తప్పుకుని పైకి వెళ్ళాయి.

మావయ్యగారు కుర్చీలో నిటారుగా అయ్యారు. ఎవరూ అడక్కుండానే గొంతు లేచింది. పద్యం మధ్యలోంచి, ఆ మలుపు మీద నుంచే ఎత్తుకున్నారు. డెబ్బై దాటిన గొంతు. జీర ఉంది, పై స్థాయి అందక వణికింది. సారు ఉలిక్కిపడి, వెంటనే బటన్ నొక్కి శ్రుతి తగ్గించి, మళ్ళీ అందుకున్నారు. కానీ మావయ్యగారు ఒక అక్షరం పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. సారు నాలుగు మాత్రలూ లెక్కపెట్టుకుని నాలుగో పాదంలోకి వెళ్ళిపోయారు.

"ఆగు బాబూ" అన్నారు మావయ్యగారు, చెయ్యి ఎత్తి. "నేనింకా అక్కడే ఉన్నాను."

సారు ఆగారు. మొదటిసారి కాగితం మీంచి కళ్ళు తీసి, ఆయన నోటి వైపు చూశారు. మావయ్యగారు మళ్ళీ ఎత్తారు. ఈసారి సారు ఆ ఒక్క నోటు పట్టుకుని, ఆయన పెదవులనే చూస్తూ, ఆయన వదిలేదాకా వదల్లేదు.

పద్యం అయ్యాక మావయ్యగారు మెడలో టేపుతోనే ముఖం తుడుచుకున్నారు.

"వాడిదే. ఆ మలుపు దగ్గర ముప్పై ఏళ్ళు నన్ను నిలబెట్టాడమ్మా. నేను దిగిపోదామనుకుంటాను, దిగనివ్వడు. ఊపిరి అయిపోతున్నా పైకి లాక్కుపోతాడు. జనం చప్పట్లన్నీ నాకొచ్చేవి." సారు వైపు తిరిగి, "నీకెవరు చెప్పారు బాబూ ఇది?" అన్నారు.

"ఎవరూ చెప్పలేదండీ. ఇందులో ఉంది" అని కాగితం చూపించారు సారు.

మావయ్యగారు కాగితం చేతిలోకి తీసుకుని ముందూ వెనకా చూసి, భయపడ్డట్టు తిరిగి ఇచ్చేశారు.

నేను అడగాల్సింది ఒకటి మిగిలి ఉంది. "మావయ్యగారూ, శ్రీకాకుళంలో ఆ కుర్ర హార్మోనిస్టుకి..."

"ఆ సంగతి నీకు చెప్పను" అన్నారు వెంటనే. "మీ పెదనాన్నకే చెప్తా. వచ్చే వారం వెళ్తున్నావా? నన్నూ తీసుకెళ్ళు."

తీసుకెళ్ళాను. దారి పొడుగునా నాకు భయమే. చెప్పకుండా తీసుకొస్తున్నాను, పెదనాన్న గుమ్మంలోంచే పంపేస్తే ఈ వయసులో ఈయన్ని ఎలా ఓదార్చాలి? మావయ్యగారు మాత్రం మోపిదేవి దాకా తెల్లచొక్కా నలగకుండా కూర్చున్నారు.

పెదనాన్న వరండాలోనే ఉన్నారు. మమ్మల్ని చూసి లేవలేదు. నా వైపు చూసి, "అనుకున్నా" అన్నారు. "ఎవరో పంపారనే అనుకున్నా."

"ఆమెని నేను పంపలేదు బావా" అన్నారు మావయ్యగారు, మెట్టు మీదే నిలబడి. "ఆమె నన్ను పట్టుకొచ్చింది. కూర్చోమంటావా, ఇట్టాగే చెప్పి పొమ్మంటావా?"

వదిన లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది. మావయ్యగారు కూర్చున్నారు.

"నువ్వనుకున్నది నిజమే. నేనే చెప్పాను వాడికి. నీకు జ్వరమన్నారు. వేరేవాడి వేళ్ళ మీద నా గొంతు లేవదు. నువ్వెట్టా పోతావో నోటితో అని చూపించాను. రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పాను. నీకు తెలియకూడదనుకున్నాను. నువ్వొచ్చి జనంలో కూర్చుంటావని నాకేం తెలుసు?"

ఆరేళ్ళుగా పెదనాన్న ఈ అనుమానాన్నే మోస్తున్నారు. అది నిజమని తేలితే మండిపడతారని అనుకున్నాను. ఆయన మాత్రం వాలుకుర్చీలోంచి ముందుకు వంగి, మెల్లగా ఒకటే అడిగారు.

"మూడో పాదం దగ్గర మలుపు కూడా చెప్పావా?"

"చెప్పాను."

"వచ్చిందా వాడికి?"

"రాలేదు బావా. కిందికే దిగాడు. నేనూ దిగిపోయాను. చప్పట్లు పడలా."

పెదనాన్న వెనక్కి వాలారు. నవ్వు ఆపుకోవడానికి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి ఇద్దరూ నవ్వుతున్నారు. వదిన టీ తెచ్చింది. నేను కాగితం తీసి, బందరులో జరిగింది చెప్పాను. పద్యం ఎప్పుడూ వినని మనిషి దీన్ని చూసి వాయిస్తే మావయ్యగారు గొంతెత్తారని చెప్పాను.

"అయితే ఇది నాదే అంటావా?" పెదనాన్న మావయ్యగారిని అడిగారు, నన్ను కాదు.

"నీదే. దీని మీద నేను పాడాను కదా."

పెదనాన్న నా వైపు తిరిగారు. "నేను అబద్ధం ఆడలేదమ్మా ఆ రోజు" అన్నారు. "నేను వాయించింది నేనెప్పుడూ వినలేదు. ఈయన గొంతు వింటూ ఉంటాను. ఎక్కడ తగ్గుతున్నాడు, ఎక్కడ ఊపిరి చాలడంలేదు, అదే వింటాను. వేళ్ళు ఏం చేస్తున్నాయో నాకు తెలియదు. ఈయన లేకుండా వాయించమంటే వారానికో రకంగా వచ్చింది. నువ్వు వినిపిస్తే ఎవరిదోలా ఉంది."

నేను ఆయన్ని అనుమానించినందుకు సిగ్గుపడ్డాను. ఆ మాట అప్పుడే చెప్పాను. ఆయన చెయ్యి ఊపేశారు, ఈగని తోలినట్టు.

ఇప్పుడు నెలకోసారి ముగ్గురం కలుస్తున్నాం. మావయ్యగారు పాడతారు, పెదనాన్న వాయిస్తారు, నేను రాస్తాను. ట్రూపుకి మళ్ళీ వెళ్ళమంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. గొంతూ లేదు, ఓపికా లేదంటారు. సారు కూడా ఒకసారి వచ్చి, హార్మోనియం పక్కన నేల మీద కూర్చుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగితం లేకుండా విని వెళ్ళారు. రాసిన కాగితాలు మాత్రం నా దగ్గర లేవు. పెదనాన్న వాటిని హార్మోనియం పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. నాకో కాపీ కావాలంటే, "గుర్తున్నంత ఇంటికెళ్ళి రాసుకో" అన్నారు. మావయ్యగారు మాట సాయం చేయబోతే, "ఒకసారి చెప్పావు, చాల్లే" అన్నారు. ఆయన నమ్మకం అంతవరకే వచ్చింది. నేనూ అంతకంటే అడగలేదు.

పోయిన నెల రాస్తుంటే పెదనాన్న పద్యం మధ్యలో చెయ్యి ఆపి నన్నే చూశారు.

"నేనేం వాయించలా ఇప్పుడు. ఏం రాస్తున్నావ్?"

"ఆగారు కదా. ఆగారని రాస్తున్నాను. దానికీ ఒక గుర్తుంది."

"ఆగింది కూడా రాస్తారా?"

"రాస్తారు పెదనాన్నా. ఎంతసేపు ఆగారో కూడా."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఆ చిన్న గుర్తు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నారు. చూపించాను. సరేనని తలూపారు. తర్వాత పద్యంలో, అవసరం లేని చోట రెండుసార్లు ఆగారు. మావయ్యగారు విసుక్కున్నారు. నేను వంచిన తల ఎత్తకుండా రెండుసార్లూ రాశాను.